రోబ్లే ఒంటెల మేత

పొద్దున్నే పొయ్యి మీద అంజేరా రొట్టె తిప్పుతూ దహబో కోడలిని కేకేసింది. "ఉబా, చాయ్‌లో పాలు చూసి పొయ్యమ్మా. ఒంటె పొదుగులో ఇంక గాలే మిగిలింది."

వజీర్ పట్నం దాటాక ఉన్న ఆ ఒంటెల కాపరుల మకాంలో ఏడాదికి రెండు వానకాలాలు. ఈ ఏడు రెండూ ఎండిపోయాయి. అయినా ఆ పూట ఉబా మొహం వెలిగిపోతోంది. బావి బావికీ తిరిగి పశువుల కాపరులను తకాఫుల్ నిధిలో చేర్చడం ఆమె పని. అందరూ తలా కొంత దానంగా వేస్తారు. ఎవరి ప్రాంతంలో పచ్చిక మాడిపోతే వాళ్ళకు అందులోంచి అందుతుంది. మాడిందో లేదో పైనుంచి ఉపగ్రహం చూసి చెబుతుంది. వడ్డీ లేదు, జూదం లేదు, మతపెద్దలైన షేకులు సరేనన్నారు. మండే ఎండలో, మగవాళ్ళ వెక్కిరింతల మధ్య ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పిందో ఆ పిల్లకే తెలియాలి. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అంటారు. ఉబా దగ్గర మాత్రం అడిగేవాళ్ళే అలిసిపోయేవారు.

"మామయ్యా, ఫోన్లో డబ్బు పడింది. మన దగ్గర నిధిలో చేరిన వాళ్ళందరికీ పడింది. మధ్యాహ్నానికి మేత లారీ వస్తుంది. మీరు ఊఁ అంటే కొనేద్దాం."

దహబో భర్త రోబ్లే చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "నా ఒంటెలు చచ్చాయా?"

"లేదు మామయ్యా."

"మరి డబ్బెందుకు?"

"చావకుండా ఉండటానికి. చచ్చాక మేత తెచ్చి ఎవరికి పెడతాం?"

"ఎవరిదా డబ్బు?"

"అందరూ వేసిందే. ఈసారి వానలు పడ్డ చోట్ల వాళ్ళది కూడా."

"అంటే బిచ్చం. మా ఇంట్లో జకాత్ దానం ఇచ్చినవాళ్ళే గానీ పుచ్చుకున్నవాళ్ళు లేరు. వెనక్కి పంపెయ్."

అదే జరిగితే ఏమవుతుందో ఉబాకు తెలుసు. రోబ్లే మాట బావి దగ్గర శాసనం. ఆయన వద్దంటే మిగతా పెద్దలూ వద్దంటారు, లారీ పక్క మకాంకు పోతుంది. చూడి ఒంటెలు కూర్చుంటే లేవలేకపోతున్నాయని మంద వెంట ఉన్న ఆమె భర్త లిబాన్ నిన్ననే ఫోన్ చేశాడు. ఇంకా ఆలస్యం చేస్తే ఆ మంద మిగలదు. మొండివాడు రాజు కన్నా బలవంతుడు, ఈ మొండివాడితో ఎలా వేగాలి?

"మీ అబ్బాయి అక్కడ ఒంటెల్ని భుజం పెట్టి లేపుతున్నాడు మామయ్యా. మీ పరువు అవి తింటాయా?"

"నోరు లేస్తోందే అమ్మాయ్. ఊళ్ళు తిరిగి నేర్చుకున్నది ఇదేనా?"

దహబో అట్లకాడ పక్కన పడేసింది. "అది నోరు తెరిస్తేనే తప్పొచ్చిందా? మన పెళ్ళయిన ఏడు మీ నాన్న మంద అంతా పోతే, మీ వంశం వాళ్ళు పాలొంటెను తోలుకొచ్చి మన గుమ్మంలో కట్టలేదూ? ఆ పాలు తాగే కదా నా పెద్దపిల్ల బతికింది. అది బిచ్చమా?"

"అది వేరు. అది నా హక్కు. రేపు వాళ్ళకు కష్టమొస్తే నేనూ ఇస్తాను గనక తీసుకున్నాను."

"ఇదీ అంతే మామయ్యా," అంది ఉబా. "పోయినేడు నా పోరు పడలేక మీరు గొర్రెల్ని అమ్మి నిధిలో డబ్బు వేశారు. మన దగ్గర వానలు బాగా పడ్డాయి, మీకేమీ రాలేదు. ఆ డబ్బు గాలికి పోయిందని ఏడాదంతా నన్ను దెప్పారు. అది గాలికి పోలేదు. ఎక్కడో దూరాన మందేరా వైపు పచ్చిక మాడిపోతే అక్కడి వాళ్ళకు వెళ్ళింది. వాళ్ళు బిచ్చగాళ్ళా?"

రోబ్లే కోడలి వైపు తిరిగి అడిగాడు. "వాళ్ళ పశువులు నిలిచాయా?"

"అన్నీ కాదు. చాలా నిలిచాయి. పిల్లలకు పాలు దొరికాయి."

గోరింటతో ఎర్రబడ్డ ముసలాయన గడ్డం మీదికి కన్నీళ్ళు జారాయి. "ఎవరి బిడ్డలకో పాలు పోశానన్నమాట. అది తెలియక ఏడాదంతా తిట్టుకున్నాను. అల్లా నన్ను క్షమించాలి. నువ్వూ క్షమించు తల్లీ." కళ్ళు తుడుచుకుని, "వాళ్ళ పేర్లేంటమ్మా?" అన్నాడు.

"తెలియదు మామయ్యా. మన పేర్లు వాళ్ళకీ తెలియవు."

మధ్యాహ్నం లారీ వచ్చేసరికి బావి దగ్గర పెద్దలంతా చేరి రోబ్లే మొహం చూస్తున్నారు. ఆయన కోడలిని పిలిచి తన పక్కనే నిలబెట్టుకున్నాడు. ఆడపిల్లను పెద్దల మధ్య అలా నిలబెట్టడం ఆ బావి దగ్గర ఎవరూ చూసి ఎరగరు.

"మనమెరగని వాళ్ళకు పెట్టాం. ఇవాళ మనమెరగని వాళ్ళు పెడితే తింటున్నాం," అన్నాడాయన. "ఇందులో తల దించుకునేదేముంది? ముందు వాళ్ళ కోసం అల్లాను వేడుకుంటూ చేతులెత్తండి, తరవాత మేత దింపుకుందాం."

అందరూ చేతులెత్తారు. ఉబా కూడా ఎత్తింది. కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేక, కన్నీళ్ళను అలాగే కారనిచ్చింది.