కుడివైపు జేబు

కుర్చీ చూపించినా ఆయన కూర్చోలేదు. చేతిలో ఉన్న చొక్కాను నలిపేస్తూ, "అమ్మా, సాయంత్రంలోగా మీరు తేల్చకపోతే ఒక మనిషి ప్రాణం నా మెడకు చుట్టుకుంటుంది," అన్నాడు.

డిటెక్టివమ్మ కళ్లజోడు తుడుచుకుంటూ ఆయన వైపు చూసింది. ఆ వీధిలో అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. ఆమెకు సహాయకుడు సొంత మరిదే. బీమా ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం పోయి ఇంట్లో కూర్చుంటే, "బుర్ర తుప్పు పట్టకముందే నాతో రా," అని ఆమే పిలిచింది. వదిన తెలివి ముందు తన తెలివి ఎందుకూ కొరగాదని అతను నలుగురిలో గర్వంగా చెప్పుకుంటాడు.

"ముందు మంచినీళ్లు తాగండి. చొక్కా నలిపితే నేరం తేలదు," అందామె.

వచ్చినాయన టైలరింగ్ షాపు యజమాని. నీళ్లు తాగాక ఒక్కొక్కటే చెప్పుకొచ్చాడు. మొన్న పొద్దున షాపుకు వెళ్లేసరికి, పంపడానికి సిద్ధంగా ఉంచిన బడిపిల్లల చొక్కాల కట్ట విప్పేసి ఉంది. ప్రతి చొక్కాకీ జేబు ఊడదీశారు. కటింగ్ మాస్టర్ ముందురోజు కత్తెరల సొరుగులో మరిచిపోయిన ఫోను మాయమైంది. తాళం పగల్లేదు. రాత్రి లోపల పడుకునేది ఇస్త్రీ చేసే అతనొక్కడే.

"అతను సరిహద్దు అవతలి వాడమ్మా. అక్కడ వాళ్లలో వాళ్లే కొట్టుకు చస్తున్నారు కదా. మా కటింగ్ మాస్టర్ ఆ యుద్ధం వీడియోలు తెగ చూస్తాడు. ఆ కోపంతోనే ఇతను చేశాడని ఫిర్యాదు ఇచ్చాడు. నేనూ సంతకం పెట్టాను. నిన్న పోలీసులు పట్టుకెళ్లారు. కాగితాలు సరిగా లేక, పైగా ఫిర్యాదు కూడా ఉన్నవాళ్లందరినీ ఈ సాయంత్రం వ్యానెక్కించి అవతల దింపేస్తారట. అవతల దిగితే..."

"అతనేమన్నాడు?"

"తను తీయలేదన్నాడు. మరెవరు తీశారంటే తల దించుకున్నాడు. అతని ఫోను కూడా ఆగిపోయి ఉంది. తప్పు చేశాడు కాబట్టే ఆపేసుకున్నాడని పోలీసుల మాట."

"మీ చేతిలో ఉన్న చొక్కా ఏమిటి?"

"కట్టలో దీనికొక్కదానికే జేబు మళ్లీ కుట్టారమ్మా. అదీ కుడివైపు. మమ్మల్ని వెక్కిరించడానికి కుట్టినట్టు."

ఆమె ఆ కుట్టు మీద వేలితో రాసి చూసింది. పోయిన ఫోను నంబరు అడిగి, తన ఫోనుతో కలిపింది. అవతల మోగింది. చాలాసేపు మోగి ఆగిపోయింది.

"ఎవరూ ఎత్తలేదు," అన్నాడు మరిది.

"ఎత్తకపోతే పోనీ. మోగింది కదా. నీ ఫోను చార్జింగు పెట్టకపోతే ఎంతసేపు వస్తుంది?"

"నాదా? మధ్యాహ్నానికే గుడ్లు తేలేస్తుంది వదినా."

"మరి మొన్న పోయింది ఇంకా బతికే ఉందెందుకో, దారిలో ఆలోచించు."

దారి పొడుగునా ఆలోచించినా అతనికి ఏమీ తట్టలేదు.

షాపు పొడవాటి గది. గుమ్మం పక్కన కటింగ్ బల్ల. మధ్యలో రెండు మిషన్ల మీద ఒక బావ, అతని బావమరిది ఎదురెదురుగా కూర్చుని కుడతారు. కిటికీ దగ్గర చిన్న ముక్కాలిపీట మీద కూర్చుని చేత్తో కాజాలు కుట్టే ఆవిడను అందరూ కాజాలక్క అంటారు. పొద్దున్నే అందరికంటే ముందు వచ్చి తాళం తీసి ఊడ్చేదీ ఆవిడే. చివర ఇస్త్రీ బల్ల చల్లగా పడి ఉంది.

డిటెక్టివమ్మ జేబుల్లేని చొక్కాల్ని వెలుతురుకు పట్టి చూసింది.

"గుడ్డ ఎక్కడైనా చిరిగిందా?"

"లేదండీ," అన్నాడు బావ.

"ఊడదీసిన దారాలేవి?"

"కాగితంలో పొట్లం కట్టి పక్కన పెట్టి ఉన్నాయి," అన్నాడు బావమరిది. "మా బావ కుట్టేటప్పుడు కూడా ఇంత శుభ్రంగా ఉండదు."

"నోరు మూసుకుని కుట్టరా," అన్నాడు బావ.

ఆమె ఇస్త్రీ బల్ల దగ్గరికి వెళ్లింది. గోడకున్న మేకు ఖాళీగా ఉంది. "ఇక్కడేం ఉండేది?"

"అతని చార్జరు," అన్నాడు యజమాని. "పోలీసులు పట్టుకెళ్లలేదమ్మా. వాళ్లు తీసుకెళ్లినవన్నీ నా కళ్ల ముందే సంచిలో వేశారు. ఫోను, దుప్పటి, బట్టలు. అంతే."

అప్పుడామె కటింగ్ మాస్టర్ వైపు తిరిగింది. "ఫోను పోవడానికి ముందురోజు అందులో ఏం చూశారు?"

"భోజనాల దగ్గర ఆ యుద్ధంది ఓ వీడియో చూశామండీ, గోడ పక్కన కుర్రాణ్ణి కాల్చేది. సరదాకి."

"చూసి ఏమన్నారు?"

"ఏదో అనుకున్నాం. ఇప్పుడెక్కడ గుర్తుంటుంది!"

బావ, బావమరిది ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"అప్పుడిక్కడ ఎవరెవరున్నారు?"

"మేం ముగ్గురం. ఇస్త్రీ అతను మొదట్లోనే లేచి బయటికి పోయాడు. కాజాలక్క గిన్నెలు కడుగుతోంది."

"అవునమ్మా. నేను చూళ్లేదు," అంది కాజాలక్క తలెత్తకుండానే.

మరిదికి హుషారు వచ్చింది. "ఆ వీడియో నా దగ్గరా ఉంది వదినా. ఊరంతా తిరుగుతోంది!" అంటూ తన ఫోను తీసి, శబ్దం పెంచి, అందరికీ కనిపించేలా పైకెత్తి పట్టుకున్నాడు.

కూలిన గోడ పక్కన కొందరు కుర్రాళ్లు కూర్చున్నారు. ఒకడు ఎడమ చేత్తో రొట్టె చింపి పంచుతూ దేనికో పకపకా నవ్వుతున్నాడు. కిటికీ దగ్గర కాజాలక్క కళ్లు గట్టిగా మూసుకుంది. ఫోనులో తుపాకీ పేలింది. నవ్వుతున్న కుర్రాడు గోడకు జారగిలబడ్డాడు. వీడియో తీస్తున్నవాడు వాడి దగ్గరికి, ఇంకా దగ్గరికి వెళ్లాడు.

"బొమ్మ ఎంత తేటగా ఉందో చూడు వదినా! చొక్కా కుట్టు కూడా కనిపిస్తోంది. కాకపోతే అద్దంలోలా తిరగేసినట్టున్నారు, జేబు కుడివైపుకు వచ్చింది."

"వెనక గోడ మీద రాతలు తిన్నగా ఉన్నాయా, తిరగబడి ఉన్నాయా?"

"తిన్నగానే ఉన్నాయి."

"అయితే ఎవరూ తిరగెయ్యలేదు. ఇక ఆపు."

వదిన తనతో ఆ గొంతుతో మాట్లాడటం అతను ఎప్పుడూ వినలేదు. గోడ మీది రాతలు గమనించనందుకే కోప్పడిందనుకున్నాడు.

ఆమె మిషన్లు ఆపించి, వీధి తలుపు వేయించింది. అందరినీ కటింగ్ బల్ల చుట్టూ నిలబడమంది.

"కక్షతో వచ్చినవాడైతే బ్లేడుతో చీల్చి పోతాడు. దారాలు ఏరి పొట్లం కట్టడు. ఇది గుడ్డను పాడుచేయడానికి చెయ్యి రాని మనిషి పని. అమ్ముకోవడానికి ఫోను దొంగిలించినవాడు ముందు దాన్ని ఆపేస్తాడు. ఇక్కడ ఎవరో దానికి రోజూ చార్జింగు పెడుతున్నారు. ఆ చార్జరు ఇస్త్రీ అతనిది. అది ఇచ్చేశాడు కాబట్టే అతని ఫోను ఆగిపోయింది. ఎవరికిచ్చాడో చెప్పడం లేదు. ఇక ఈ చొక్కా. ఆ జేబు వెక్కిరించడానికి కుట్టింది కాదు, చేత్తో సన్నగా వేసిన కుట్టు. వీడియోలో కుర్రాడికీ జేబు కుడివైపే ఉంది. వాడిది ఎడమచేతి వాటం, వాడికి అదే అనువు. ఆ సంగతి తెలిసిన వాళ్లెవరో వాడికి కుట్టి పంపారు."

ఆమె చొక్కాను మడిచి బల్ల మీద పెట్టింది.

"మా మరిది వీడియో పెట్టినప్పుడు, తుపాకీ పేలకముందే ఒకరు కళ్లు మూసుకున్నారు. చూడనివాళ్లకు ఎప్పుడు పేలుతుందో తెలియదు."

ఆమె కటింగ్ మాస్టర్‌ని అడిగింది. "ఆ రోజు ఏమన్నారు? మీకు గుర్తుంది."

అతను బల్ల అంచు పట్టుకున్నాడు. "జేబు వంకరగా కనిపించింది. 'వీణ్ణి కాదు, ఈ జేబు కుట్టినవాణ్ణి ముందు కాల్చాలి' అన్నాను. అందరం నవ్వాం. జేబు చూడ్డానికి మళ్లీ మళ్లీ వేసుకున్నాం."

"నేనూ నవ్వాను," అన్నాడు బావమరిది నేలకేసి చూస్తూ.

డిటెక్టివమ్మ ఎవరి పేరూ చెప్పలేదు. చెప్పకముందే కాజాలక్క లేచింది. ముక్కాలిపీట కింది మూటలోంచి మోత వినపడకుండా మెత్తటి గుడ్డలో చుట్టిన ఫోను, చార్జరు తీసి బల్ల మీద పెట్టింది.

"వాడి నవ్వు వినిపించి, తడి చేతులతోనే గుమ్మందాకా వచ్చానమ్మా. అచ్చం వాళ్ల నాన్న నవ్వు," అంది. "వాణ్ణి మా అత్త దగ్గర వదిలి ఇటు వచ్చాం. నిలదొక్కుకున్నాక తెచ్చుకుందామనుకున్నాం. ఈలోగా దారులు మూసేశారు. మా ఆయన పోయాడు. అక్కడివాళ్ల గురించి ఇక్కడ ఎలా మాట్లాడుకుంటారో వింటూ, నేనూ అక్కడిదాన్నేనని ఎవరికీ చెప్పుకోలేదు. దొంగదారిన అటు వెళ్లే మనుషులు దొరికినప్పుడల్లా చొక్కా కుట్టి పంపేదాన్ని. జేబు వంకర కాదు బాబూ. కొలతలు తెలియవు కదా. ఎంత పెరిగాడో ఊహించుకుని కుట్టాను. ఛాతీ దగ్గర బిగుతై జేబు పక్కకు లాగింది. నేననుకున్న దానికంటే పెద్దవాడయ్యాడు."

కటింగ్ మాస్టర్ మొహం చేతుల్లో దాచుకున్నాడు.

"తెల్లవారకముందే వచ్చి ఫోను తీశాను. తెరవడం రాలేదు. అది ఆరిపోతే అందులో వాడు కూడా పోతాడేమోనని భయం. ఇస్త్రీ తమ్ముడు లేచి చూశాడు. ఒక్క మాట అడక్కుండా చార్జరు చేతిలో పెట్టాడు. నాకు జేబు కుట్టడం రాదా అని ఒక చొక్కాకి విప్పి కుడివైపు వేసి చూశాను. తిన్నగానే వచ్చింది. మిగతావి ఎందుకు విప్పానో నాకే తెలియదు." ఆవిడ చార్జరు తీగను వేలికి చుట్టుకుంది. "తమ్ముణ్ణి పట్టుకెళ్తుంటే నోరు పెగల్లేదమ్మా. చెబితే ఫోను ఇచ్చెయ్యాలి కదా. వాడికీ ఎక్కడో అమ్మ ఉండే ఉంటుంది. అది తెలిసీ పెగల్లేదు."

కేసు తేలినప్పుడల్లా 'ఎలా పట్టావు వదినా' అని చిన్నపిల్లాడిలా అడిగే మరిది ఈసారి అడగలేదు. ఇందాక తను ఫోను ఎంత ఎత్తున పట్టుకున్నాడో అతనికి గుర్తొస్తోంది. ఆవిడ కాళ్ల మీద పడాలనిపించింది. పడితే తన తప్పు బరువు కూడా ఆవిడే మోయాలి. నిలబడే ఉన్నాడు.

"నడవండి," అంది డిటెక్టివమ్మ. "వ్యాను కదలకముందే ఫిర్యాదు వెనక్కి తీసుకోవాలి."

స్టేషను ముందు వ్యాను వెనక తలుపులు తెరిచి ఉన్నాయి. లోపల అప్పటికే కొందరు కూర్చున్నారు. అధికారి విసుగ్గా కాగితం ముందుకు లాక్కున్నాడు.

"ఫోను దొరికిందంటారు, అతను తీయలేదంటారు. మరి ఈవిడెందుకు తీసింది? కారణం రాయకుండా నేను వదలను. చెప్పండి, ఎందుకు?"

కటింగ్ మాస్టర్ యజమాని వైపు చూశాడు. యజమాని గోడ వైపు చూశాడు. చెప్పాల్సింది తనేనని కటింగ్ మాస్టర్‌కు తెలిసింది. వీడియో సంగతి చెప్పాడు. జేబు సంగతి చెప్పాడు. తర్వాత తనన్న మాట, ఒక్క అక్షరం తగ్గించకుండా, అందరి ముందూ చెప్పాడు.

అధికారి ఫక్కున నవ్వాడు. కలం పట్టుకున్న చెయ్యి అదిరి కాగితం మీద గీత పడింది. "భలేవాడివయ్యా!" అన్నాడు.

గదిలో ఇంకెవరూ నవ్వలేదు. ఆ రోజు తామూ ఇలాగే నవ్వామని బావకూ బావమరిదికీ ఇప్పుడు వినిపించింది. అధికారి ఒక్కొక్కరి మొహమే చూస్తూ వచ్చి కాజాలక్క దగ్గర ఆగాడు.

"ఆ చొక్కా కుట్టింది నేనేనయ్యా," అందావిడ. "వాడు మా అబ్బాయి."

అధికారి తల వంచుకుని చాలాసేపు రాశాడు. రాసి, అతన్ని వ్యానులోంచి దింపమని జవానుకు చెప్పాడు.

ఇస్త్రీ అతను దుప్పటి మూటతో దిగాడు. కటింగ్ మాస్టర్ గబగబా ఎదురెళ్లి మూట అందుకోవడానికి చేతులు చాచాడు. అతను మూటను రెండో భుజానికి మార్చుకుని, పక్కనుంచి కాజాలక్క దగ్గరికి నడిచాడు. "పద అక్కా," అన్నాడు.

వాళ్లిద్దరూ ముందు నడిచారు. ఎవరూ చెప్పకపోయినా, మిగతావాళ్లు కాస్త ఎడంగా వెనక నడిచారు.