చొప్పవామి జరిపితే

సుశీలమ్మ కూతురు చచ్చిపోయిన నాయనను పెట్టెలో పట్టుకొచ్చిందని, ఆ పెట్టె కండ్లకు కట్టుకుంటే నారాయణను మళ్లీ నరికేది కనపడుతుందని పక్కింటి గుల్జార్‌బీ చెప్పిందంట. పాలకేంద్రం దగ్గర ఆ మాట విన్నవాళ్లు ఇంటికి పోయేలోపు ఇంకొంత చేర్చారు. నెత్తురు వాసన కూడా వస్తుందని ఒకామె అంది.

వాసన రాదు. మిగతాదంతా నిజమే.

ఆ కూతురు నాగవేణికి మూడేళ్లప్పుడు వాళ్ల నాయన నారాయణను తొండూరు దాపున ఉన్న ఈ ఊర్లోనే, సొంత దొడ్లోనే ఎదుటి పార్టీవాళ్లు చంపారు. ఇరవై ఆరేళ్లయింది. ఆమె ప్రొద్దుటూరులో ఇంజనీరింగు చదివి, కళ్లకు కట్టుకునే వీఆర్ పెట్టెల్లో కనపడే లోకాలను తయారుచేసే పనిలో చేరింది. శవాన్ని ముట్టకుండానే గుండె కోయడం నేర్చుకునే డాక్టరు పిల్లలకు ఒకటి చేసింది. జమ్మలమడుగు పక్క సున్నపురాతి గనుల్లో మందు పేల్చే కూలీలకు ఇంకొకటి చేసింది. అందులో ఎన్నిసార్లు తప్పు చేసినా చెయ్యి తెగదు.

ఇప్పుడు ఎన్నికలొచ్చాయి. నారాయణ చావును వీఆర్‌లో జనానికి చూపించాలని ఆయన పార్టీ అనుకుంది. ఆదివారం పులివెందుల మీటింగులో వరసగా నిలబెట్టి అందరికీ చూపిస్తారు. ఆ పని అడిగినవాడు నారాయణ పెదనాయన కొడుకు రంగయ్య. నాగవేణి వెంటనే ఒప్పుకుంది. నాయన ముఖం ఆమెకు ఫోటోలో తప్ప తెలియదు.

ఆ ఉదయం సుశీలమ్మ బర్రెకు దాణా కలుపుతుంటే నాగవేణి వచ్చి చెంబు పట్టుకుంది.

"మా, ఒక్క నిమిషం రా. నీతో పని పడింది."

"పాలు పితకొద్దా?"

"పితుకుదువులే. కోర్టు కాగితాలు, పోలీసుల నక్ష ముందర పెట్టుకొని పెట్టెలో దొడ్డంతా కట్టినా. నువ్వు తొట్టి కాడ నిలబడి చూసినానని సాక్ష్యం చెప్పినావు గదా. ఆడ నిలబడితే నాకు చొప్పవామి తప్ప ఏమీ కనపడ్లే. వామి తప్పు పెట్టినట్టుండా. యాడికి జరపాల్నో చెబుదువు రా."

సుశీలమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంది. చాలాసేపు తుడుచుకుంది.

"నాకవన్నీ వద్దు. కండ్లు తిరుగుతాయి."

"గనుల్లో కూలోళ్లే పెట్టుకుంటాండారు, నీకేమైతాది?"

వసారాలో కూర్చున్న రంగయ్య నవ్వాడు. పని ఎందాకా వచ్చిందో చూసుకోవడానికి పొద్దున్నే వచ్చి ఉన్నాడు. "పెట్టుకో సుశీలా. నీ మొగుడే గదా, పరాయోడా?"

నాగవేణి పెట్టె తల్లి కళ్లకు కట్టి, భుజాలు పట్టుకొని నిలబెట్టింది. సుశీలమ్మకు పాత దొడ్డి కనపడింది. కుడిచేతి పక్కన రాతి తొట్టి. ఎదురుగా మనిషికి రెండింతల ఎత్తున జొన్నచొప్ప వామి. దాని అవతల కేకలు, పరుగులు.

"నాయన అవతల ఉండాడు మా. తిప్పన్న కొడవలి ఎత్తినాడు. కనపడ్తాండాడా?"

సుశీలమ్మ మెడ సాచింది. వంగింది. చొప్పను పక్కకు తీయబోయినట్టు చెయ్యి చాచింది. చేతికి గాలి తప్ప ఏమీ తగల్లేదు.

"ఎడమకు జరపల్నా? రెండు గజాలు చాలా?"

"జరపొద్దు. ఆడనే ఉన్నింది. సరిగ్గా ఆడనే."

"మరి నువ్వెట్ల చూసినావు?"

పెట్టె కింది నుంచి కన్నీళ్లు చెంపల మీదికి కారాయి. "చూడ్లే. కేకలు విన్నా. నేను పోయేతలికి మీ నాయనొక్కడే పడుండాడు."

నాగవేణి చేతులు తల్లి భుజాల మీద నుంచి జారిపోయాయి. తిప్పన్న ఎదుటి పార్టీ పెద్దరైతుకు గొర్రెలు కాసినవాడు. ఆ ఒక్క సాక్ష్యంతో పద్నాలుగేళ్లు కడప జైల్లో ఉండి వచ్చాడు. అతని మంద ఎదురైతే నాగవేణి ఈ రోజుకూ ఉమ్మేసి పక్కకు తిరుగుతుంది.

రంగయ్య తమలపాకుకు సున్నం రాస్తూనే మాట్లాడాడు. "దానికింత ఏడుపెందుకు? పేర్లు రాయించింది నేను. నరికినోళ్లు ముగ్గురు, రాయించింది పదకొండు. అప్పుడు రెండు పార్టీలోళ్లూ అట్లనే రాయిస్తాండ్రి. వాళ్లింట్లో పనికొచ్చే మగోడు ఒకడూ బయట ఉండగూడదని. తర్వాత పెద్దోళ్లు రాజీ పడిరి, పదిమంది బయటపడిరి. తిప్పన్న కోసం మాట్లాడేవాడు లేకపాయ."

"ఆయప్పనూ వదిలిపెట్టొచ్చు గదా పెదనాయనా?"

"ఒకడికన్నా శిక్ష పడకుంటే పార్టీ పరువేం గావాల?"

"నిజంగా నరికినోళ్లు యాడుండారు?"

"ఇద్దరు చచ్చిపోయిరి. ఒకడు ఇప్పుడు మన పార్టీలోనే ఉండాడు. ఆదివారం మీటింగుకు కుర్చీలు వాడే పంపిస్తాండాడు." రంగయ్య ఆకు నోట్లో పెట్టుకున్నాడు. "వామి జరుపు. కంప్యూటర్లో చొప్పే గదా, మోసేదానికి కూలోళ్లు గూడా అక్కర్లే."

"వెయ్యిమంది చూస్తారు. చూసినోళ్లందరూ సాక్షులైతారు. ఒక్క సాక్షితోనే పద్నాలుగేండ్లు పడె."

"నిన్ను చదివించింది ఏ పార్టీనో మీ అమ్మనడుగు. నువ్వు చేయకుంటే ఇంకొకడు చేస్తాడు." రంగయ్య లేచి, చెప్పులేసుకొని వెళ్లిపోయాడు.

నాగవేణి తల్లి కళ్ల మీది పెట్టె విప్పింది. "ఎందుకు చెప్పినావు మా?"

"నాకప్పుడు ముప్పై నాలుగేండ్లు. ఇంటి సుట్టూ వీళ్ల మనుషులు. చంకలో నువ్వు. నేర్పించిరి, చెప్తి. చెప్పంగ చెప్పంగ నాకే చూసినట్టైపాయ. కలలో గూడా వాడే కొడవలి ఎత్తుతాండె. వామి ఉండేదన్నదే మర్చిపోతి."

తల్లి మీద కోపం తెచ్చుకుందామని చూసింది నాగవేణి. కడకు తల్లి కొంగుతోనే ఆమె చెంపలు తుడిచింది. కాసేపటికి కంప్యూటరు తెరిచి తిప్పన్న బొమ్మను తీసేసింది. వామిని ముట్టుకోలేదు. తర్వాత ఇద్దరూ తిప్పన్న ఇంటికి బయలుదేరారు.

ఊరి చివర గొర్రెల దొడ్లో తిప్పన్న ఒక గొర్రెపిల్లను ఒళ్లో పెట్టుకొని గిట్టలో ముల్లు తీస్తున్నాడు. గడపలో అతని భార్య పెంచలమ్మ కొర్రలు చెరుగుతోంది. వచ్చినవాళ్లను చూసి చాట కింద పెట్టింది.

సుశీలమ్మ నిలబడే చెప్పింది. "తిప్పన్నా, ఆ పొద్దు నేను నిన్ను చూడ్లే. నువ్వాడ లేవు. కోర్టులో చెప్పింది అబద్ధం. ఆదివారం పులివెందుల్లో అందరి ముందర ఈ మాటే చెప్తా."

తిప్పన్న ముల్లు తీసి పారేసి, పిల్లను తల్లి దగ్గరికి వదిలాడు.

"నేనాడ లేనని నాకు తెలుసమ్మా. పులివెందుల దాకా ఎందుకు, ఈ పెంచలమ్మకు చెప్పు. నువ్వు దేవుని మీద ప్రమాణం చేసి చెప్తివని ఇదీ నమ్మింది. నేనొచ్చి పన్నెండేండ్లాయ, ఇంతవరకూ నా కంచం పక్కన కూర్చొని ఒక్కపూట బువ్వ తిన్లే."