ఫొటోలో పోయిన తొర్రి

“పదకొండో మచ్చ కూడా పోయింది!” అంటూ పిచ్చుక కుర్చీలో ఎగిరి కూర్చుంది.

ఆ పిల్లకి ఒకచోట కాలు నిలవదు. అందుకే ఇంట్లో అందరూ పిచ్చుక అంటారు. అలాంటిది, ఇవాళ బడి నుంచి వచ్చినప్పటినుంచీ నాన్న ఫొటో స్టూడియోలో కంప్యూటర్‌కి అతుక్కుపోయింది.

నిన్న నాన్న పిచ్చుక వాళ్ళ స్కూల్ గ్రౌండ్‌లో ఒకటో తరగతి పిల్లల గ్రూప్ ఫొటో వరసగా ఐదుసార్లు తీశాడు. గాలికి దుమ్ము లేచి లెన్స్ మీద పడింది. ఫొటోలో ఆకాశం నిండా, చొక్కాల నిండా మచ్చలే.

“మచ్చ మీద ఈ బ్రష్ పెట్టి నొక్కు. పక్కనున్న రంగు వచ్చి కప్పేస్తుంది,” అని నాన్న నేర్పాడు. “కానీ ముందు ఐదు ఫొటోలూ పక్కపక్కన పెట్టి చూడాలి. లెన్స్ మీది మచ్చ కదలదు, ఐదింట్లోనూ ఒకేచోట ఉంటుంది. మనుషులు కదులుతారు.”

ఐదా! అంత ఓపిక ఎవరికి? పిచ్చుక ఒక్కటే తెరిచింది.

“కళ్ళు పోతాయే, దూరం జరుగు!” గుమ్మంలోంచి అమ్మ కేక. “ఆ వైరు తొక్కకు, షాక్ కొడుతుంది!”

ముందు వరుసలో ఒక బుడతడు నోరు గుహలా తెరిచి నవ్వుతున్నాడు. పళ్ళ మధ్య నల్లగా ఏదో ఉంది.

“అయ్యో, పంటి మీదే పడిందా!” పిచ్చుక బ్రష్ నొక్కింది. పళ్ళు తెల్లగా, వరుసగా మెరిశాయి. సేవ్ చేసేసింది. సాయంత్రానికి ప్రింట్లు కూడా అయిపోయాయి.

మర్నాడు లంచ్ టైములో పిచ్చుక ఒకటో తరగతి దగ్గరికి వెళ్ళింది. మెచ్చుకుంటారని ఆశ. అందరూ ఫొటోలు చూసుకుని ఒకటే గోల. ఆ బుడతడు మాత్రం ఫొటో బోర్లా పెట్టుకుని మెట్ల మీద కూర్చున్నాడు.

“ఏరా, ఫొటో నచ్చలేదా?”

“వీడు నేను కాదక్కా. నాకు తొర్రి ఉంది. వీడికి లేదు.” నోరు తెరిచి చూపించాడు. “క్లాసులో అందరికీ పళ్ళు ఊడాయి. నాకొక్కడికే ఊడలేదని చంటిబాబు అని ఏడిపించేవాళ్ళు. ఫొటో రోజు పొద్దున్నే ఊడింది. అందుకే అంత పెద్దగా నవ్వా! ఇప్పుడు ఫొటోలో ఎప్పటికీ చంటిబాబునే.”

పిచ్చుక ‘కంప్యూటర్ చేసిందేమో’ అనబోయి నాలుక కరుచుకుంది.

“నేనే చెరిపానురా. మచ్చ అనుకున్నా.”

“నా తొర్రి మచ్చా?” వాడి కళ్ళు ఇంతింతయ్యాయి.

సాయంత్రం బడి బెల్ కొట్టగానే పిచ్చుక స్టూడియోకి పరుగు తీసింది.

“నాన్నా! కెమెరా కార్డులో అసలు ఫొటోలు తీసేశావా?”

“ఇదిగో, తీసెయ్యబోతున్నా...”

“ఆగు!”

అమ్మ పరిగెత్తుకొచ్చింది. “ఏమైందే? పడ్డావా? రక్తమొచ్చిందా?”

“రక్తం కాదమ్మా, పన్ను!”

“పన్నా!” అమ్మ గబుక్కున పిచ్చుక నోరు తెరిచి లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

నాన్న నవ్వాపుకుని ఐదు ఫొటోలూ తెరిచాడు. ఒకదాంట్లో బుడతడు తల వాల్చాడు. తొర్రి కూడా వాడితోపాటే పక్కకి జరిగింది. ఆకాశంలో మచ్చ మాత్రం ఉన్నచోటే ఉంది.

పిచ్చుక మొదటినుంచీ మళ్ళీ చేసింది. ఒక్కో మచ్చకీ ఐదుసార్లు చూసుకుంది. మర్నాడు కొత్త ఫొటో అందుకున్న బుడతడు దాన్ని తలపైకెత్తి వరండా అంతా ఊరేగించాడు.

ఆ వారమే రెండో తరగతి ఫొటో వచ్చింది. ఒక పాప మోచేతి మీద ఎర్రటి మచ్చ. ఐదు ఫొటోల్లోనూ ఆ పాపతోపాటే కదులుతోంది. పిచ్చుక మౌస్ వదిలేసింది. మర్నాడు ఇంటర్వెల్లో వెళ్ళి అడిగింది.

“ఇది చెరపనా, ఉంచనా?”

“సైకిల్ మీంచి పడ్డా. కొంచెం కూడా ఏడవలేదు తెలుసా!” పాప మోచెయ్యి ఎత్తి చూపించింది. “ఉంచక్కా! కాస్త పెద్దది చెయ్యడం కుదురుతుందా?”