అర సెకను

ఇశ్రాయేలు రాజమణి ముఖం చూడకముందే ఆమె చేత తిట్లు తిన్నాడు. అదీ ముక్కలు ముక్కలుగా.

"గిదేం... మి... షన్ సార్... నేను నత్తిదాన్ని... కాదు..."

హెడ్‌ఫోన్‌లో ఆ గొంతు అలా తెగుతూ అతుక్కుంటూ వచ్చింది. సాయంత్రం మార్కుల చీటీ అందింది. అయిదుకి ఒకటి. రిమార్కుల గడిలో గుండ్రటి అక్షరాలతో ఒక వాక్యం: 'మా బర్రె ఇంతకన్నా సాఫ్‌గా మాట్లాడుతుంది.'

అది ఎనభై ఆరో సంవత్సరం. ఊరి చివర ఒక సర్కారీ పరిశోధన సంస్థ. రెండు భవనాల మధ్య మైలు దూరం, ఆ మైలు పొడవునా ఒక తీగ. కంప్యూటర్లు ఫైళ్లు పంపుకునే ఆ తీగ మీదే మనిషి మాట కూడా పంపాలన్నది సోమశేఖర్ సార్ పట్టుదల. మాటను సెకనుకు యాభై ముక్కలుగా కోసి పంపుతారు. మిగతావాళ్ల ఫైళ్ల రద్దీలో ఒక ముక్క ముందొస్తుంది, ఒకటి వెనకబడుతుంది. వచ్చినవి వచ్చినట్టు వినిపిస్తే మంచి గొంతు కూడా నత్తిగొంతే. అందుకని వచ్చిన ముక్కలను కంప్యూటర్‌లో కాసేపు ఆపి, ఒకే నడకతో బయటికి వదలాలి. ఎక్కువసేపు ఆపితే మాట నున్నగా ఉంటుంది, కానీ ఆలస్యమవుతుంది. తక్కువసేపు ఆపితే త్వరగా చేరుతుంది, కానీ గరగరలాడుతుంది. ఎంతసేపు ఆపాలో తేల్చడమే టెక్నీషియన్ ఇశ్రాయేలు ఉద్యోగం. ఎనిమిది నెలలుగా అతనికి అది తేలలేదు.

రాజమణి ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్చేంజ్ నుంచి వచ్చిన పిల్ల. అవతలి భవనంలో కూర్చుని తెలుగు వాక్యాలు చదవడం, ఇటునుంచి వచ్చిన మాట విని మార్కులు వేయడం ఆమె పని. ఏ రోజు ఎంతసేపు ఆపుతున్నారో ఆమెకు చెప్పకూడదు. చెబితే మార్కులు చెడిపోతాయని సోమశేఖర్ సార్ గోడకు కాగితం అంటించి మరీ పెట్టిన నియమం.

ఆ చీటీ పట్టుకుని ఇశ్రాయేలు వానలో మైలు నడిచాడు.

"ఈ రిమార్కు సార్ చూస్తే నా ఉద్యోగం ఊడ్తది. కొట్టేయండి."

"ఎందుకు కొట్టేస్త? ఉన్నదే రాసిన."

"బర్రె మాట్లాడ్తదా?"

"గౌలిపురకొచ్చి వినుండ్రి. పొద్దుగాల మా బాపు పిలిస్తే జవాబిస్తది. మీ మిషన్ ఇయ్యదు."

తడిసిన చొక్కాతో నిలబడ్డ అతన్ని చూసి నవ్వు ఆపుకోలేక ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొంగు అడ్డం రాని కళ్లు రెండూ ఇశ్రాయేలు చూసేశాడు. ఇక ఎనిమిది నెలల పని తొమ్మిదో నెలలో తేలుతుందని ఎవరు మాత్రం అనుకుంటారు?

తర్వాత రోజూ టెస్టు అయ్యాక వాళ్లిద్దరూ తీగ మీదే మరో పది నిమిషాలు మాట్లాడుకునేవాళ్లు. రెండు నెలలు తిరిగేసరికి 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. ఆమె తండ్రి మొగులయ్యకు ఒకప్పుడు పన్నెండు బర్రెలు, ఇప్పుడు రెండు. తల్లి పోయి మూడేళ్లు. గౌలిపుర సందులో వాళ్ల గుమ్మం ముందే పాల కొలత.

"నాక్కూడ కొలవడం నేర్పుతవా?" అన్నాడొకసారి.

"మా కొలత చెంబు ఇంటోళ్లే ముట్టాలె. బయటోళ్ల చెయ్యి తగిల్తే బాపు కడిగి బోర్లిస్తడు. మా అక్క మొగుడు గూడ లగ్గమైనంకనే ముట్టిండు."

"నేను ముడితే?"

"రెండుసార్ల కడుగుతడు. మీది కిరస్తానం గద!"

ఇద్దరూ నవ్వారు. నవ్వాక ఇద్దరికీ మనసులో ముల్లు గుచ్చుకుంది.

శ్రావణంలో మొగులయ్య గొంతు బొంగురుపోయింది. జలుబన్నారు, వేడి అన్నారు. చివరికి పెద్దదవాఖాన డాక్టరు చూసి, గొంతులో పుండు ముదిరిందనీ, గొంతుపెట్టె తీసేస్తేనే ప్రాణం దక్కుతుందనీ చెప్పాడు. తీసేస్తే ఇక జన్మలో మాట ఉండదు.

ఆ పై సోమవారం ఢిల్లీ నుంచి పెద్ద అధికారులు వస్తున్నారు. "ఒక్క గరగర వినిపించకూడదు" అని సోమశేఖర్ సార్ హుకుం. శుక్రవారం ఇశ్రాయేలు రెండు వైపులా మాటను ఒకటిన్నర సెకను ఆపాడు. నియమం ప్రకారం రాజమణికి చెప్పలేదు.

టెస్టు అయిపోయింది. నీళ్లలా నున్నగా వచ్చింది ఆమె గొంతు.

"ఇశ్రాయేలూ, ఒకటి అడుగుత. ముఖం చూస్కుంట అడగలేను. ఆదివారం పొద్దుగాల బాపును దవాఖానల చేర్పిస్తున్నం. సోమవారం ఆపరేషన్. గా తర్వాత బాపుకు మాట ఉండది. నా లగ్గం మాట బాపు నోటితోనే వినాలె నేను. అంతకుముందే వచ్చి బాపును అడుగుతవా?"

"వస్త!" అన్నాడు ఇశ్రాయేలు. ఆలోచించలేదు, ఊపిరి కూడా పీల్చలేదు.

రెండు మూడు క్షణాలకు కుర్చీ జరిగిన చప్పుడు వినిపించింది. సిగ్గుపడి లేచిపోయింది అనుకున్నాడు. ఆమె సిగ్గును ఊహించుకుంటూ బస్సులో రెండు స్టాపులు ముందుకు పోయాడు కూడా.

మౌలాలి రైల్వే క్వార్టర్స్‌లో తల్లి సుందరమ్మకు చెప్పాడు. ఆమె చాలాసేపు బియ్యం ఏరుతూ ఉండిపోయింది. "పాలోళ్ల పిల్లనా? మన చాయ్ ఇంక చిక్కగుంటది తియ్యి" అని కళ్లు తుడుచుకుంది.

ముందురోజు తన వైపు రికార్డయిన టేపును శనివారం పొద్దున వింటూ లెక్కలు రాసుకోవడం అతని అలవాటు పని. తన 'వస్త'కూ, ఆమె కుర్చీ చప్పుడుకూ మధ్య స్టాప్‌వాచ్ నొక్కాడు. రెండున్నర సెకన్లు. నవ్వుకుంటూ రాయబోయి ఆగిపోయాడు.

తన మాట ఆమెను చేరడానికి ఒకటిన్నర. ఆమె కుర్చీ చప్పుడు తనను చేరడానికి ఒకటిన్నర. ఆమె విని లేచి ఉంటే ఆ చప్పుడు మూడు సెకన్లకు గాని రాకూడదు. రెండున్నరకే వచ్చింది.

అంటే రాజమణి వినలేదు. అడిగి, మౌనం విని, ఇతను జంకుతున్నాడనుకుని, హెడ్‌ఫోన్ తీసి లేచిపోయింది. జవాబు చేరడానికి అర సెకను ముందు. ఖాళీ కుర్చీకి చెప్పాడు తను వస్తానని.

శనివారం ఆమె పనికి రాదు, ఇంట్లో ఫోను లేదు. పరుగున బస్సెక్కితే నయాపూల్ వంతెన దగ్గర పోలీసులు బస్సును తిప్పి పంపేశారు. వంతెన అవతల, గౌలిపుర ఉన్న పాతబస్తీలో కత్తిపోట్లు. మధ్యాహ్నం నుంచి కర్ఫ్యూ.

అక్కడే ఆగిపోయాడు మెకానిక్ రజాక్ భాయ్. సంస్థలో పనిముట్లు బాగుచేసే పెద్దమనిషి, ఇల్లు పత్తర్‌గట్టి వెనక. పెళ్లాంపిల్లలు లోపల, తను బయట.

"రేపు ఆరు నుంచి ఎనిమిది దాంక సడలిస్తరంట. నా ఎంట రా. ఫికర్ చెయ్యకు" అన్నాడు. కళ్లు మాత్రం వంతెన అవతలే ఉన్నాయి.

ఆదివారం పొద్దున వంతెన మొదట్లో జవాను లాఠీ అడ్డం పెట్టాడు. లోపలి చిరునామా ఉన్నవాళ్లకే దారి.

"ఏ మేరే సాత్ హై సాబ్. ఘర్ కా ఆద్మీ" అన్నాడు రజాక్ భాయ్.

జవాను ఇద్దరి గుర్తింపు కార్డులూ చూశాడు. ఆ పేర్లను ఒక ఇంట్లో ఎలా ఇమడ్చాలో అతనికి తోచలేదు. విసుక్కుని పొమ్మన్నాడు.

వీధి నిండా గాజు పెంకులు, చెప్పుల జతలు, అక్కడక్కడ సగానికి తెగిన ఒంటి చెప్పు. పత్తర్‌గట్టిలో రజాక్ భాయ్ తమ్ముడి అత్తరు దుకాణం తలుపులు కాలి నల్లగా నిలబడి ఉన్నాయి. కాలిన వాసనలో గులాబీ వాసన. రజాక్ భాయ్ దాని ముందు ఒక్క క్షణం ఆగాడు. "నువ్వు నడువ్. నీకు టైం లేదు" అన్నాడు.

ఇశ్రాయేలు గౌలిపుర చేరేసరికి ఏడున్నర. రాజమణి గుమ్మంలో పాలు కొలుస్తోంది. అతన్ని చూసింది. చెంబు ఆగలేదు.

"ఎందుకొచ్చినవ్?"

"వస్తనన్న, వచ్చిన."

"ఎప్పుడన్నవ్? నేనడిగినంక మస్తుసేపు చూసిన. నీ నోరు పెగలలె. కిరస్తానపోడివి, నీ భయం నీకుంటది. నేను తప్పుబట్టలె."

"వస్తనన్న, రాజమణీ! నువ్వు అడిగిన నిమిషమే అన్న. మాటను మిషన్‌ల ఒకటిన్నర సెకను ఆపిన. నీకు చెప్పొద్దని రూలు. అర సెకను కూసుంటే వినేదానివి."

చెంబు ఆగింది. పాలు అంచు దాటి ఆమె వేళ్ల మీదుగా కారాయి. "రూలా?" అంది. "నా బతుకు అడుగుతుంటే నీకు రూలు గుర్తుకొచ్చిందా?"

అతను తల దించుకున్నాడు. తల ఎత్తకుండానే లోపలికి నడిచాడు.

లోపల మంచం మీద మొగులయ్య మెడకు తువ్వాలు చుట్టుకుని కూర్చున్నాడు. పలుగురాయి మీద ఇనుము గీసినట్టుంది గొంతు. "ఎవరు బిడ్డా?"

ఇశ్రాయేలు ఆయన కాళ్ల దగ్గర కూర్చున్నాడు. పేరు చెప్పాడు, ఇల్లు చెప్పాడు, దేవుణ్ణి కూడా దాచకుండా చెప్పాడు. "రాజమణిని నాకియ్యుండ్రి."

మొగులయ్య అతన్ని చూశాడు. నోరు తెరిచాడు. దగ్గు తెర వచ్చింది. తువ్వాలు ఎర్రబడింది. సందు చివర దవాఖాన జీపు హారన్ మోగింది. ఇద్దరు మనుషులు వచ్చి ఆయన్ని లేపారు. జీపు ఎక్కేదాకా చూపు తిప్పలేదు గాని, ఆ ఉన్న గొంతుతో ఒక్క మాట అనలేదు.

రాజమణి పిడికిలి బిగించుకుని జీపు వెనక నిలబడింది. "బాపు ఒద్దన్నట్టే. నాకర్థమైంది."

"నీకేం అర్థం కాలె. మొన్న గూడ గిట్లనే లేచిపోయినవ్. జవాబు వచ్చేదాంక ఉండు. నేనుంట."

ఆమె జీపెక్కింది.

సోమవారం ఢిల్లీ అధికారుల ముందు ఇశ్రాయేలు మాటను ఒకటిన్నర సెకను కాదు, అయిదో వంతు సెకను మాత్రమే ఆపాడు. గరగర వినిపించింది. సోమశేఖర్ సార్ ముఖం కందగడ్డయింది. "గరగరలాడినా సరే, మనిషి లేచిపోకముందు చేరాలి సార్" అన్నాడు ఇశ్రాయేలు. ఉద్యోగం ఊడలేదు గాని ఆ నెలంతా ఆయన ఇతనితో మాట్లాడలేదు. అదే సోమవారం, అదే వేళకు, దవాఖానలో మొగులయ్య గొంతు శాశ్వతంగా పోయింది.

ఇరవై మూడు రోజులు. ఇశ్రాయేలు రోజూ వార్డు బయట బెంచీ మీద కూర్చునేవాడు. మందులు తెచ్చేవాడు, రక్తం ఇచ్చాడు. రాజమణి అవసరానికి మించి మాట్లాడేది కాదు. వెళ్లిపొమ్మని కూడా అనలేదు.

మొగులయ్య ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున ఇశ్రాయేలు గౌలిపుర వెళ్లాడు. కొట్టంలో బర్రె పాలు చేపడం లేదు. పిలుపు కోసం చెవులు రిక్కించి వాకిలి వైపే చూస్తోంది. రాజమణి దాని మెడ నిమురుతూ బతిమాలుతోంది. గుమ్మంలో మొగులయ్య, మెడలో రంధ్రం మీద గుడ్డతో, రెండో బర్రె పాలు కొలుస్తున్నాడు. ముందు పొరుగింటి ఆగమ్మ గిన్నె పట్టుకుని నిలబడింది.

ముసలాయన చేతిలోంచి చెంబు జారింది. ఇశ్రాయేలు చటుక్కున వంగి పట్టుకున్నాడు. పట్టుకున్నవాడు ఊరుకోక, నిండా ముంచి ఆగమ్మ గిన్నెలో పోశాడు కూడా.

పోశాక తెలిసింది ఏం చేశాడో. ఆగమ్మ కళ్లు పెద్దవయ్యాయి. కొట్టం గుమ్మంలో రాజమణి రాయిలా నిలబడింది.

మొగులయ్య చెయ్యి చాచాడు. ఇశ్రాయేలు చెంబు ఇచ్చేశాడు. ముసలాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. పక్కనే నీళ్ల బిందె ఉంది. ఒకటి, రెండు, మూడు... సెకన్లు లెక్కపెట్టడం తన వృత్తి అయినందుకు ఇశ్రాయేలు మొదటిసారి తనను తాను తిట్టుకున్నాడు. లేచిపోవాలనిపించింది. రాజమణి వైపు చూశాడు. ఆమె కదల్లేదు. ఈసారి ఆమె ఎక్కడికీ పోవడం లేదు.

మొగులయ్య బిందె వైపు చూడలేదు. చెంబును కడగకుండా, బోర్లించకుండా అలాగే పాలల్లో ముంచాడు. ముంచి, నిండు చెంబు తిరిగి ఇశ్రాయేలు చేతిలో పెట్టాడు. తర్వాతి గిన్నె ఎవరిదో చూడమన్నట్టు గడ్డం ఎత్తి వాకిలి వైపు చూపాడు.

రాజమణి ముఖం కొంగులో దాచుకుని ఏడ్చింది. బాపు నోటి నుంచి వినాలనుకుంది. ఆ నోరు ఇక లేదు. ఏడుస్తూనే దగ్గరికొచ్చింది.

"చూసుకుంట పొయ్యి" అంది. "చేతులు గట్ల ఒణుకుతున్నయేంది? మన ఇంట్ల కొలత తప్పుతె బాపు ఊకోడు."