మూడో ప్లగ్గు

నేను మెకానిక్ కూతుర్ని. స్పార్కు ప్లగ్గు ఊడదీసి మొన చూస్తే చాలు, ఇంజను కష్టసుఖాలు చెప్పేయగలను. మొన ఇటుకరంగులో ఉంటే ఆరోగ్యం, నల్లగా తడిసుంటే రోగం. మా కారు మూడో ప్లగ్గు మాత్రం నాకే అంతుచిక్కలేదు. ఎన్నిసార్లు తోమి పెట్టినా మళ్లీ తడే. దాన్ని చూస్తేనే ఒళ్లు మండేది.

ఆ సాయంత్రం ఎడతెగని వాన. మా అపార్టుమెంటు సెల్లారులో చెమ్మ వాసన, పెట్రోలు వాసన, ఒక గుడ్డి బల్బు. వెనక సీట్లో మా ఆరేళ్ల పాప ఆయాసంతో మెలికలు తిరుగుతోంది. పీల్చే మందు పనిచేయలేదు. రోడ్లు మునిగాయి, ఆలస్యమవుతుందన్నారు ఆంబులెన్సువాళ్లు. ఈ కారేమో కదలదు. నాకు తల ప్రాణం తోకకొచ్చింది.

మావారు స్టీరింగు ముందు నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నారు.

"కొత్త ప్లగ్గు వేసేస్తే పోయేదిగా?"

"వేసింది కొత్తదే! మీరు తాళం తిప్పమన్నప్పుడు తిప్పండి, అదే పదివేలు."

మూడో ప్లగ్గు ఊడదీసి వైరు బ్రష్షుతో మసి తోమాను. మొన దగ్గర సందు సరిచూశాను. బిగించే ముందు, నాన్న నేర్పినట్టు, ఖాళీ రంధ్రం మీద బొటనవేలు పెట్టాను. లోపలంతా బాగుంటే గాలి వేలిని తన్నాలి.

"తిప్పండి!"

తన్నింది.

"ఇక ఆపండి."

ఇంజను ఆగింది. వేలి కింద గాలి ఆగలేదు.

లోపలికి లాగింది... వదిలింది... వెచ్చగా. వెనక సీట్లో పాప కూడా అప్పుడే లాగింది... అప్పుడే వదిలింది.

వేలు గట్టిగా అదిమాను. పాప దగ్గు మధ్యలోనే తెగిపోయింది. పక్కకి వంగి చూశాను. నోరు తెరుచుకునుంది. పెదాలు నీలం. చటుక్కున వేలు తీసేశాను. పాప గుండెనిండా గాలి పీల్చింది.

"ఏమండీ... ఈ రంధ్రం మూయకూడదు," గొణిగాను.

"పిచ్చా నీకు?"

"మూస్తే పిల్లకి ఊపిరాడటం లేదు. ఒక్కసారి... ఒక్కసారి నా మాట వినండి."

ఆయన నుదురు కొట్టుకున్నారు. నేను దాని వైరు పక్కకి కట్టేసి, ప్లగ్గు పనిముట్ల డబ్బాలో పడేశాను. మిగిలిన మూడు సిలిండర్ల మీదే బండి దగ్గుతూ తుమ్ముతూ కదిలింది. దారి పొడవునా బానెట్ కింద ఫట్ ఫట్‌మని ఒకటే మోత. ఆ మోత మొదలైనప్పట్నుంచీ పాప తేరుకుంది. ఆస్పత్రి చేరేసరికి కబుర్లు చెబుతోంది.

డాక్టరమ్మ ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి విన్నది.

"పిల్లికూతలు లేవమ్మా. కాసేపు చూసి పంపించేస్తాను," అని వెళ్లిపోయింది.

నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. బల్ల మీద కూలబడి ఏడ్చేశాను.

కాసేపటికి మావారు వచ్చారు. చేతులకి గ్రీజు. పెళ్లైన ఇన్నేళ్లకి తనంతట తానొక పని చేసిన సంబరం మొహంలో.

"ఆ మోత భరించలేక ప్లగ్గు నేనే బిగించేశాను. బండి ఎంత బాగా నడుస్తోందో తెలుసా!"

"ఎప్పుడు?"

"ఇందాకే."

పాప వైపు తిరిగాను... మంచం మీద కూర్చుని కాళ్లూపుకుంటోంది. నవ్వుతోంది.

"ఇంటికెళ్దాం అమ్మా."

దగ్గరికి తీసుకున్నాను. దాని ముక్కు కింద వేలు పెట్టాను... అలాగే పెట్టి ఉంచాను.

గాలి తగల్లేదు.