రెండు హోటళ్లు, ఎనిమిది గులాబీలు

“రెండు హోటళ్లున్నాయి. ఏది మేలో పదకొండు గంటల లోపు చెప్పాలి నువ్వు,” అన్నాడు కర్నల్ గెన్యా.

తూదొర్ బ్రెబాన్ నవ్వాడు. ఇరవై ఏళ్లుగా అతను చేస్తున్న పనే అది. బుకారెస్ట్‌లో అచ్చయ్యే ఒక ప్రయాణాల పత్రికలో నెలకోసారి రెండు పెద్ద హోటళ్లను పక్కపక్కన నిలబెట్టి పదికి ఇన్నని మార్కులు వేస్తాడు. దిండు ఎంత మెత్తన, వేడినీళ్లు ఎంతసేపటికి వస్తాయి, లిఫ్టు కోసం ఎంతసేపు నిలబడాలి. వ్యాపారాల మీద ఊళ్లు తిరిగేవాళ్లు అతని మాట చదవందే గది తీసుకోరు. ఆ కాలమ్ చాటున అతను గూఢచారి సర్వీసు ఏజెంట్ అని తెలిసినవాళ్లు నలుగురే. ఏడాదిలో మూడు వందల రోజులు పరాయి మంచాల మీద పడుకునే మనిషి. సొంత ఫ్లాటులో దుప్పటి ఏ రంగో అడిగితే చెప్పలేడు.

“నవ్వకు. నిన్న పొద్దున ఇయాష్ స్టేషన్లో రహస్య కబుర్లు మోసే మన కొరియర్‌ని కాఫీలో మందు పెట్టి చంపేశారు. క్రాల్ పనే.”

క్రాల్ పేరు వినగానే తూదొర్ నవ్వు ఆరిపోయింది. ఆయుధాలు, విషవాయువులు అమ్ముకునే విదేశీ ముఠాకి నాయకుడు క్రాల్. నాలుగు నెలల కిందట బుకారెస్ట్ వచ్చి ‘సెలెస్ట్’ అనే అద్దాల హోటల్లో వాటా కొని, పెద్దమనిషిలా కూర్చున్నాడు.

“కొద్రాను అనే కెమిస్టు పది నలభై రైలుకి దిగుతున్నాడు. క్రాల్ దగ్గర గ్యాసు తయారుచేసి పారిపోయి వచ్చినవాడు. మన సర్వీసులో క్రాల్‌కి అమ్ముడుపోయినవాళ్ల పేర్లన్నీ వాడి బుర్రలో ఉన్నాయి. కాగితం మీద ఒక్క ముక్క లేదు. మధ్యాహ్నం మినిస్టర్ ముందు నోరు విప్పుతాడు. అప్పటిదాకా వాడు బతకాలి. పాత రొటొండా హోటల్లో నాలుగు వందల పన్నెండో గది, సెలెస్ట్‌లో ఎనిమిది వందల ఆరు బుక్ చేశాం. ఒకచోట ఉచ్చు పన్నారని కబురు. ఏ చోటో తెలీదు.”

“క్రాల్ సొంత హోటలే బుక్ చేశారా?”

“దొంగ తన ఇంట్లోనే దొంగతనం చేసుకుంటాడా అనుకున్నాం. పైగా కొత్తది, కెమెరాలున్నాయి, తాళాలు గట్టివి.”

“రెండూ మానేసి సేఫ్ హౌస్‌లో పెట్టొచ్చుగా?”

“సేఫ్ హౌస్‌ల అడ్రసులు అమ్మినవాడి పేరు కూడా వాడి బుర్రలోనే ఉందయ్యా! వాణ్ని ఎక్కించుకున్న కారు హోటళ్ల దగ్గర్లోనే తిరుగుతుంటుంది. పది యాభై అయిదు లోపు నీ ఫోన్ రాకపోతే కారు సెలెస్ట్‌కే పోతుంది. దిండు మెత్తన అంటే క్షేమం. దిండు గట్టి అంటే చావు. అర్థమైందా?”

తూదొర్ తలూపి లేచాడు. కర్నల్ కిటికీ వైపు తిరిగి, అసలు మాట అప్పుడు బయటపెట్టాడు.

“సెలెస్ట్‌లో స్మరండ ఉంది.”

“తెలుసు.”

“పద్నాలుగు నెలలుగా ఆమె నుంచి చిన్న కబురు లేదు. క్రాల్ పక్కన కూర్చుని భోంచేస్తోంది. ఆమె ఇప్పుడు ఎవరి మనిషో నాకు తెలీదు. ఏం చెప్పినా నమ్మకు.”

తూదొర్ తోలుసంచి భుజాన వేసుకుని బయటికి నడిచాడు.

పదకొండేళ్ల కిందట, చిష్మిజియు పార్కు గేటు దగ్గర, మొదటిసారి ఆమెను కలవడానికి కంగారులో ఆరు ట్యూలిప్‌లు పట్టుకెళ్లాడు. స్మరండ లెక్కపెట్టి కళ్లు పెద్దవి చేసింది. “నన్ను పాతిపెట్టడానికొచ్చావా ఏంటి?” అంది. ఆ దేశంలో సరి సంఖ్యలో పూలు పోయినవాళ్లకే ఇస్తారు. బతికున్నవాళ్లకి ఎప్పుడూ బేసి. నడక నేర్చిన పిల్లలకు కూడా ఆ సంగతి తెలుసు. ఆమె ఒక పువ్వు లాగి అతని కోటు బొత్తంకన్నంలో గుచ్చింది. “ఇది నీది. ఇప్పుడు ఇద్దరం బతికున్నట్టే,” అంది. ఆ తర్వాత అతను కావాలనే సరి సంఖ్యలో కొనేవాడు, ఆ ఒక్క పువ్వు కోసం. తర్వాత సర్వీసు ఆమెను క్రాల్ ముఠాలోకి పంపింది. పంపే కాగితం మీద సాక్షి సంతకం తూదొర్‌దే. ఆ సంతకం పెట్టిన చేతిని అతను ఇంకా క్షమించలేదు.

మార్చి ఎనిమిది, మహిళల పండుగ. తొమ్మిదిన్నరకే వీధి మలుపుల్లో పూలమ్మే ఆడవాళ్లు బకెట్లతో కూర్చున్నారు. మగవాళ్లంతా తలో పూలగుత్తి పట్టుకుని, ఆలస్యమైన పెళ్లికొడుకుల్లా పరిగెడుతున్నారు. తూదొర్ రొటొండా మెట్లెక్కాడు.

పాత హోటల్. మైనం వాసన, వంటింట్లోంచి పులుపు చారు వాసన. లిఫ్టు ప్రతి అంతస్తులో మూలుగుతుంది. నాలుగో అంతస్తు బాధ్యురాలు అనేటా నడుం మీద చేతులు పెట్టుకుని ఎదురొచ్చింది.

“వచ్చారా పరీక్షాధికారిగారూ! పోయినేడు మా దిండుకి ఆరు మార్కులేశారు. మా ఆయన నెల్లాళ్లు నన్ను ఆరో నంబరని పిలిచాడు, తెలుసా?”

“ఈసారి ఏడు వేస్తాలే అక్కా.”

“ఏడేం సరిపోతాయి! ఆ దిండు మీద రాజుగారు పడుకున్నారు.”

“అందుకే ఆరు వేశాను. ఆయన లేచాక ఎవరూ దులిపినట్టు లేదు.”

ఆమె పకపకా నవ్వి తలుపు తీసింది. తూదొర్ తన తోలుసంచిలోంచి వెలుతురు కొలిచే మీటర్ తీశాడు. చూడ్డానికి పెన్నులా ఉంటుంది. దాచిన మైకు ఉంటే వణుకుతుంది, గాలిలో విషం ఉంటే ఎర్రబడుతుంది. ఇక్కడ వణకలేదు, ఎర్రబడలేదు. కానీ కిటికీ గొళ్లెం ఊడివుంది. దాని కిందే మంటలొస్తే దిగే ఇనుపమెట్లు. పనివాళ్ల తలుపుకి తాళమే లేదు. చంపదలచినవాడికి మూడు దారులు. వేడినీళ్లు నాలుగు నిమిషాలకు వచ్చాయి, అవీ దగ్గుతూ. బల్ల మీద గాజుగ్లాసులో ఏడు మంచుపూలు. అనేటా సొంత డబ్బుతో కొని పెట్టినవి.

మార్కుల ప్రకారం రొటొండా అప్పుడే ఓడిపోయింది.

పదీ ఇరవైకి సెలెస్ట్. తలుపు తీసే ముసలి నిస్తొర్ టోపీ ఎత్తి, “రండి సార్, గాజుపెట్టెలోకి,” అన్నాడు. లోపల లిఫ్టు పదకొండు సెకన్లలో వచ్చింది. శబ్దం లేదు. వాసన లేదు. ఫోనులో సిగ్నల్ కూడా లేదు.

ముదురాకుపచ్చ గౌనులో స్మరండ ఎదురొచ్చింది. జుట్టు కత్తిరించుకుంది. మెడ మీద చిన్న మచ్చ అలాగే ఉంది. ఆమె మోచేతి పక్కనే క్రాల్, చిరునవ్వుతో.

“బ్రెబాన్‌గారూ, మీ కాలమ్ అంటే మావాళ్లకి హడల్,” అంది కొత్తవాళ్లతో మాట్లాడినట్టు. “ఏది చూపించమంటారు?”

“మీ గొప్ప గదేదో అది. ఎనిమిదో అంతస్తు సూట్ బాగుంటుందట.”

క్రాల్ ఒక్క క్షణం ఆగాడు. కాదంటే అనుమానం, అవునంటే కాస్త ప్రమాదం. “తప్పకుండా. నేనూ వస్తాను,” అన్నాడు.

ఎనిమిది వందల ఆరు. క్రాల్ తలుపు మూసుకోనివ్వకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు. గదిలో కరెంటు రావాలంటే గోడలోని సందులో పెట్టాల్సిన తాళంకార్డును స్మరండ పెట్టలేదు, పిడికిట్లోనే ఉంచుకుంది. “ఎండ బాగుంది, లైట్లెందుకు!” అంది. తూదొర్ పెన్ను తిప్పాడు. వణకలేదు, ఎర్రబడలేదు. కిటికీ తెరుచుకోదు. వేరే దారి లేదు. వేడినీళ్లు అయిదు సెకన్లలో వచ్చాయి. కాగితం మీద చూస్తే ఇంతకన్నా క్షేమమైన గది ఊళ్లో లేదు. కర్నల్‌కి ‘దిండు మెత్తన’ అని చెప్పేయాలనే అనుకున్నాడు.

“పూలు నేనే అమర్చాను,” అంది స్మరండ. “నా చేత్తో.”

బల్ల మీద తెల్లగులాబీలు. తూదొర్ లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు.

ఎనిమిది.

పండుగ పూట, వచ్చే అతిథి కోసం, బుకారెస్ట్‌లో పుట్టి పెరిగిన ఆడది తన చేత్తో ఎనిమిది పూలు పెట్టదు. ఈ గది చచ్చినవాడిది అని చెబుతోంది. పెన్ను కనిపెట్టలేనిది, కెమెరా చూసినా అర్థం చేసుకోలేనిది, క్రాల్ ముక్కు కింద పెట్టి చెబుతోంది. ఆమె మన మనిషే. పద్నాలుగు నెలలు ఒంటరిగా, మన మనిషిగానే ఉంది. తూదొర్‌కి కళ్లు చెమ్మగిల్లాయి.

అప్పుడు అతని చెయ్యి దానంతటదే కదిలింది. ఒక గులాబీ పైకి లాగి, కోటు బొత్తంకన్నంలో గుచ్చుకున్నాడు.

“మహిళల పండుగకి మగాళ్లకి పూలెవరిస్తారు? మనమే తీసుకోవాలి,” అన్నాడు.

క్రాల్ నవ్వాడు. స్మరండ నవ్వలేదు. ఆమె ముఖం పాలిపోయింది. పాతరోజులు గుర్తొచ్చి ఉంటాయనుకున్నాడు తూదొర్. ఎంత పిచ్చివాడు!

పది యాభై మూడు. లిఫ్టు దిగి, నడక పరుగు చేసి, హాలు దాటి బయటపడ్డాడు. వీధిలో సిగ్నల్ దొరికేసరికి పది యాభై ఆరు. నల్లకారు అప్పటికే సెలెస్ట్ ముందు ఆగింది. వెనకసీట్లోంచి కళ్లజోడు మనిషి, కొద్రాను, దిగి తిరిగే తలుపులో అడుగు పెట్టబోతున్నాడు. తూదొర్ రెండు అంగల్లో దూకి అతని ఓవర్‌కోటు పట్టి వెనక్కి లాగాడు.

“దిండు గట్టిది!” అని డ్రైవర్ మీద అరిచాడు. “ఈ హోటల్లో దిండు రాయిలా ఉందిరా!”

దారిన పోయే ఇద్దరు ఆగి చూశారు. డ్రైవర్‌కి అర్థమైంది. కొద్రానును సీట్లోకి తోయగానే కారు ఎగిరినట్టు వెళ్లిపోయింది. తూదొర్ కర్నల్‌కి ఫోన్ చేసి, “దాడి చేయండి, ఎనిమిది వందల ఆరు. స్మరండ మనదే, సార్. మనదే,” అన్నాడు. ఫోన్ పెట్టి, పేవ్‌మెంట్ మీద గులాబీని తడుముకుంటూ నిలబడ్డాడు. నవ్వుకున్నాడు కూడా. మూడు నిమిషాల్లో మనవాళ్లొస్తారు, ఆమె బయటికొస్తుంది, సాయంత్రం చిష్మిజియులో కూర్చుంటాం అనుకున్నాడు.

ఆ మూడు నిమిషాల్లోనే అంతా అయిపోయింది.

దళం లోపలికి దూసుకెళ్లి క్రాల్‌ని వెనక మెట్ల మీద పట్టుకుంది. ఎనిమిది వందల ఆరు తలుపు పగలగొట్టేసరికి చల్లగాలి యంత్రం తన పని ముగించేసింది. గోడలో తాళంకార్డు పెట్టగానే గ్యాసు వదిలేలా దాన్ని అమర్చారు. ముఖానికి మాస్కులు తగిలించుకుని స్మరండను మోసుకొచ్చారు. హాల్లో పాలరాతి మీద పడుకోబెట్టారు. పిడికిలి ఖాళీగా ఉంది. కార్డు ఆమె చేతిలోంచి ఎవరు లాక్కున్నారో అడగనక్కర్లేదు.

తూదొర్ ఆమె పక్కన మోకాళ్ల మీద కూలబడి, పేరు పెట్టి పిలిచాడు. చాలాసేపు పిలిచాడు.

ఎవరో భుజం తట్టారు. ముసలి నిస్తొర్. టోపీ చేతిలో నలిగిపోతోంది.

“సార్, నేనే చెప్పాను. నా నాలిక తెగిపోను. మీరలా వెళ్లగానే ఆ దొర దిగొచ్చి నన్నడిగాడు. ‘మీ దేశంలో మగవాడు పూలకుండీలోంచి ఒక పువ్వు ఎందుకు తీస్తాడు?’ అన్నాడు. నవ్వుతూ అడిగాడు సార్. నేనూ నవ్వుతూనే చెప్పా. ‘సరి సంఖ్యలో ఉంటే తీసేస్తామండీ, సరి సంఖ్య పోయినవాళ్లకి కదా’ అన్నా. అందరికీ తెలిసిన మాటే కదా సార్! వెంటనే అమ్మగారిని పిలిచి, పైకి రా, పూలు చూద్దాం అన్నాడు.”

ముసలాయన వెక్కి వెక్కి ఏడ్చాడు.

“నువ్వు చెప్పలేదు బాబాయ్,” అన్నాడు తూదొర్. “చెప్పింది నేను.”

ఆమె ఆ దేశపు మనిషికి మాత్రమే తెలిసే భాషలో చెప్పింది. అతను ఆ దేశపు మనిషి కాబట్టే బదులిచ్చాడు. బతికున్నవాళ్ల దగ్గర సరి సంఖ్య ఉండకూడదంటూ ఆమె నేర్పిన అలవాటే ఆమెను పట్టిచ్చింది. ఎనిమిదీ అక్కడే ఉండనిచ్చి ఖాళీ చేతులతో బయటికొచ్చి ఉంటే సరిపోయేది. ఇరవై ఏళ్ల ఏజెంట్‌కి ఆమాత్రం తెలియదా అంటే, తెలుసు. ప్రేమ ముందు తెలివి ఎప్పుడైనా నిలిచిందా!

మధ్యాహ్నం కొద్రాను పదకొండు పేర్లు చెప్పాడు. సాయంత్రానికి పదకొండు మందీ లోపల ఉన్నారు. కర్నల్ తూదొర్ చెయ్యి పట్టుకుని, “పతకం రాయిస్తాను,” అన్నాడు.

“ఆమెకి రాయండి.”

“ఆమె మన జాబితాలో లేదుగా తూదొర్, రహస్యం. పేరు బయటపెట్టలేం.”

మూడో రోజు బెల్లు శ్మశానంలో, పోయినవాళ్ల పేర పెట్టే తీపి గోధుమల పళ్లెం పెట్టి, మైనపువత్తి వెలిగించి, ముగ్గురే నిలబడ్డారు. తూదొర్, నిస్తొర్, రొటొండా నుంచి అనేటా. కేసు ఆధారాలు దాచే గదిలోంచి తూదొర్ సంతకం పెట్టి తెచ్చుకున్న, ఎనిమిది వందల ఆరులో మిగిలిన ఏడు తెల్లగులాబీలు మట్టి మీద పెట్టాడు. ఏడు చూసి అనేటా ఉలిక్కిపడింది.

“అయ్యో, లెక్క తప్పింది తమ్ముడూ. ఇంకొకటి కావాలి.”

“ఉందక్కా,” అన్నాడు. కోటు బొత్తంకన్నంలోంచి వాడిపోయిన గులాబీ తీసి, వాటి పక్కన పెట్టాడు. ఎనిమిదయ్యాయి.

ఆ నెల కాలమ్ ఎప్పటిలాగే వచ్చింది. రొటొండా దిండుకి తొమ్మిది మార్కులు. లిఫ్టు మూలుగుతుందనీ, వేడినీళ్లకి ఓపిక కావాలనీ, అయినా మనుషులుండే హోటల్ అనీ రాశాడు. సెలెస్ట్ గురించి మాత్రం రెండే వాక్యాలు: “ఇక్కడ పూల అమరికలో లోపమేమీ లేదు. లోపం అతిథిది.”