శాంతి గారి తాలూకు

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక నాగబాబు గోదావరి మధ్య లంకకి బయల్దేరుతుంటే శాంతి గుమ్మం దాకా వచ్చింది. మంచం మీంచి గుమ్మం దాకా రావడం ఈ మధ్య ఆమెకి పెద్ద ప్రయాణమే. తలకి చుట్టుకున్న నూలు కండువా సర్దుకుని, "బుచ్చిరాజు గారు చెప్పింది చెప్పినట్టు చెయ్యండి. మీ సొంత తెలివి కలపొద్దు," అంది.

"ఆయ్," అన్నాడు నాగబాబు.

"అలా చేస్తే రేపు పొద్దున్న నోరెత్తకుండా కారెక్కుతాను. మాట మాటే."

మొగుడూ పెళ్ళాల మధ్య ఒప్పందం అది. శాంతికి రొమ్ములో గడ్డ. సంగతి తెలియగానే నాగబాబు కువైట్‌లో డ్రైవరు పని వదులుకుని వచ్చేశాడు. రాజమండ్రి ఆసుపత్రిలో కీమో మొదలుపెట్టించాడు. గడ్డ కరుగుతోందని డాక్టరు గారు స్కాన్ చూపించి మరీ చెప్పారు. సరిగ్గా అప్పుడే శాంతి ఇంక రానని భీష్మించుకుంది. కిందటిసారి తేదీ అలాగే పోయింది. "ఈసారి కూడా తీసుకురాకపోతే మా చేతిలో ఏమీ ఉండదు నాగబాబూ," అన్నారు డాక్టరు గారు. ఈసారి తేదీ రేపే, సోమవారం.

శాంతి తెలివితక్కువది కాదు. అమలాపురం బట్టల కొట్టులో పదిమందిని అదిలించి పనిచేయించిన మనిషి. కానీ కీమో ఎక్కించిన ప్రతిసారీ వారం రోజులు నోట్లో నీళ్ళు కూడా తుప్పులా తగిలేవి. కాళ్ళు మంటలెత్తేవి. ఆసుపత్రిలో వాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు, పాపం వాళ్ళకి తీరికెక్కడిది? హాలు నిండా జనం. తలుపు కొంచెం తెరుచుకునేది, ఒక నర్సమ్మ తల బయటికి పెట్టి, "శాంతి గారి తాలూకు ఎవరండీ?" అని కేకేసేది. ఆ కేకకి వెంటనే పలకాలి. పలక్కపోతే వరస తప్పిపోయి సాయంత్రం దాకా పడిగాపులే. నెలల తరబడి నాగబాబు ఆ హాల్లో కూచుని, సగం నిద్రలో కూడా ఆ మాట వినపడగానే లేచి నిలబడడం నేర్చుకున్నాడు.

ఈలోగా సలహాలు ఇంటికి నడిచి వచ్చాయి. ఎదురింటి సత్యదుర్గారావు గారు గోధుమగడ్డి రసం తాగమని ఫోన్లో వీడియోలు చూపించారు. పెద్దమ్మ లక్ష్మణఫలం ఆకులు సంచీడు తెచ్చి పడేసింది. శాంతి అన్నీ నవ్వుతూ పుచ్చుకుని అటక మీద పెట్టేసింది. లంకలో పసరు మందిచ్చే బుచ్చిరాజు గారి దగ్గరికి ఎవరో తీసుకెళ్ళిన రోజున మాత్రం వెలిగిపోతూ వచ్చింది.

"నా చెయ్యి పట్టుకుని ఎంతసేపు కూచున్నారోనండీ," అంది. "ఎక్కడ నొప్పో అడగలేదు. దేనికి భయపడుతున్నావమ్మా అని అడిగేరు. ఇన్నాళ్ళలో ఆ మాట ఎవరడిగేరు చెప్పండి? మీరడిగేరా?"

నాగబాబు అడగలేదు. ఆ మాట అతనికి గట్టిగానే తగిలింది. పసరుతో గడ్డ కరుగుతుందని అతను చచ్చినా నమ్మడు. అయినా ఉప్పు లేని పథ్యం, పరగడుపున స్నానం, ఇలా తన చేతులతో తను చేసుకునే పనులేవో దొరికాయి కాబట్టి ఆమెకి మళ్ళీ ప్రాణం లేచొచ్చిందని కళ్ళారా చూశాడు. అందుకే బేరం పెట్టాడు. పసరు నేను తెస్తాను, ఆసుపత్రికి నువ్వు రా.

బుచ్చిరాజు గారు ఎనభై దాటిన మనిషి. కొబ్బరిచిప్పలో పసరు పోసి, పైన అరటాకు కప్పి నారతో కట్టి, నాగబాబు రెండు అరచేతుల్లో పెట్టారు.

"నేల మీద పెట్టకూడదు. రేవు దిగేక బండెక్కకూడదు, నడిచే వెళ్ళాలి. దారిలో ఎవరు పిలిచినా పలక్కూడదు బాబూ."

"పలికితే ఏవవుతుందండీ?"

పెద్దాయన నార ముడి మరోసారి బిగించారు. "నమ్మకం లేదు కదూ నీకు?" అన్నారు మెల్లగా. "ఫరవాలేదు. నోరు మాత్రం మూసుకునుండు."

పడవ దిగేసరికి పొద్దు వాలిపోయింది. అప్పనపల్లి గుడి వైపు నుంచి మైకులో పాట సన్నగా వినపడుతోంది. నాగబాబు కాలవ గట్టు పట్టుకుని కొబ్బరితోటల్లోకి నడిచాడు. పీచు నానబెట్టిన నీళ్ళ కుళ్ళు వాసన ముక్కుకి కొడుతోంది. దూరంగా నగరం గ్రామం వైపు గ్యాస్ బావి మంట ఆకాశాన్ని ఎర్రగా కాలుస్తోంది. ఆ వెలుగులో కొబ్బరి మట్టల నీడలు దారి మీద అటూ ఇటూ కదులుతున్నాయి. కప్పలు ఒకటే గోల. చేతుల్లో చిప్ప తొణక్కుండా చూసుకుంటూ, దీనికోసం కువైట్ నుంచి వచ్చానా అని లోలోపల నవ్వుకున్నాడు.

తోట మధ్యకి వచ్చేసరికి గుడి పాట ఆగిపోయింది.

"బాబూ... ఒక్కసారి ఆగవా."

ముసలి గొంతు. కాలవ అవతల నుంచి వచ్చినట్టుంది. ఎవరో దారి తప్పిన మామ్మ అనుకున్నాడు. జాలేసింది కూడా. అయినా ఆగలేదు.

కాసేపటికి వెనకాల ఎండుమట్టల మీద అడుగుల చప్పుడు. అతను నడిస్తే నడుస్తోంది. ఆగితే ఒక అడుగు ఎక్కువ వేసి ఆగుతోంది.

"నానా..."

నాగబాబుని అలా పిలిచేది వాళ్ళమ్మ ఒక్కతే. అతను కువైట్‌లో ఉండగా పోయింది. చివరి చూపు దక్కలేదు. "నానా, ఇటు చూడు నానా..." కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పళ్ళతో పెదవి నొక్కిపట్టాడు. పెదవి చిట్లి నోట్లోకి రక్తం వచ్చింది. పలకలేదు.

అడుగుల చప్పుడు ఆగింది. ఇంకొంచెం దూరం వెళితే తోట దాటిపోతాడు. ఊరి దీపాలు కనపడుతున్నాయి. గెలిచాననుకుని ఊపిరి వదిలాడు.

అప్పుడు వాసన మారింది. పీచు కుళ్ళు కాదు. స్పిరిట్ వాసన, ఫినాయిలు వాసన. తడిగుడ్డతో అప్పుడే తుడిచిన గచ్చు వాసన. ఆ తోటలో, ఆ వేళప్పుడు...

వెనకాల ఎక్కడో తలుపు కిర్రుమంది.

"శాంతి గారి తాలూకు ఎవరండీ?"

"ఆయ్, నేనేనండీ."

మాట దానంతటది వచ్చేసింది. ఆలోచించే వ్యవధి కూడా లేకపోయింది.

కప్పలు ఒక్కసారిగా ఆగిపోయాయి.

సూదిలోంచి దారం లాగేసినట్టు గొంతులోంచి ఏదో జారిపోయింది. నొప్పి లేదు. అతను పరుగెత్తాడు. పసరు తొణికి అరచేతులు తడిసినా ఆగలేదు.

ఇంటి అరుగు దగ్గర నిలబడి ఆయాసం తీర్చుకున్నాడు. వెనక్కి చూస్తే దారి ఖాళీగా ఉంది. ఆసుపత్రి గొడవ బుర్రలో తిరుగుతోంది కాబట్టి ఆ మాట వినపడింది, అంతే. అలా తనకి తనే నచ్చజెప్పుకున్నాడు. నిజం చెపితే మాత్రం శాంతి పసరు ముట్టదు. కారూ ఎక్కదు.

శాంతి మంచం మీద లేచి కూచుంది. "దారిలో ఎవరైనా పిలిచేరా?"

"లేదు." గొంతు బొంగురుగా, సన్నగా వచ్చింది.

"నిజంగా? మీరు పలకలేదు కదా?"

"లేదన్నాను కదా." ఈసారి గాలిలాంటి గుసగుస తప్ప గొంతు రాలేదు. ఆయాసం వల్ల కాబోలు అనుకుందామె. చిప్ప రెండు చేతులా పుచ్చుకుని, కళ్ళు మూసుకుని గుక్క తిప్పుకోకుండా తాగేసింది. ఆ మొహంలో నమ్మకం చూసి నాగబాబుకి ఏడుపొచ్చింది. ఎలాగైనా రేపు ఆసుపత్రికి చేరుస్తాను, అది చాలు అనుకున్నాడు. దీపం తగ్గించి, కాళ్ళు కడుక్కోడానికి పెరట్లోకి వెళ్ళాడు.

బోరింగు దగ్గరుండగా జేబులో ఫోన్ మోగింది. రేపటికి మాట్లాడుకున్న కారు కిషోర్.

"అన్నయ్య గారూ, ఏవనుకోవద్దండీ. ఇందాక మీరు కారు వద్దన్నారు కదా, రేపటికి రావులపాలెం అరటి వ్యాపారి బేరం ఒప్పేసుకున్నానండీ. మళ్ళీ మీకు అవసరం పడదు కదా అని అడుగుదామని చేసేను."

నేను చెయ్యలేదు కిషోర్, అన్నాడు నాగబాబు. పెదాలు కదిలాయి. మాట రాలేదు.

"అన్నయ్య గారూ? వినపడట్లేదండీ... ఏదైతేనేం, వదినగారికి నయమైపోయిందన్నారు, అంతకంటే ఏం కావాలి చెప్పండి. మీరంత నవ్వుతూ మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు."

ఫోన్ కట్టయింది. నాగబాబు గొంతు పట్టుకుని దగ్గాడు. అరిచాడు. గాలి... గాలే.

ఇంట్లోంచి మాటలు వినపడ్డాయి.

"నొప్పి ఉందా ఇప్పుడు?"

అది తన గొంతే.

"లేదండీ. చిత్రంగా ఉంది. మీ చెయ్యి పెట్టగానే పోయింది," అంది శాంతి.

"దేనికి భయపడుతున్నావు, చెప్పు."

తను ఎన్నడూ అడగని మాటని ఎంత నెమ్మదిగా, ఎంత ప్రేమగా అడుగుతోందో ఆ గొంతు. శాంతి చెప్పడం మొదలుపెట్టింది. జుట్టు గురించి, సూదుల గురించి, రాత్రుళ్ళు మేలుకుని ఇంటి కప్పు చూస్తూ పడుకోవడం గురించి. ఇన్నాళ్ళూ పక్కనే పడుకున్న మొగుడికి ఒక్కటీ చెప్పలేదామె. మధ్యమధ్యలో ఆ గొంతు ఊఁ కొడుతోంది.

"ఇంక ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు," అంది ఆ గొంతు చివరికి. "రేపూ వద్దు. ఎల్లుండీ వద్దు. నేనున్నాను కదా."

"మీరే అలా అంటే ఇంక నాకేం కావాలండీ," అంది శాంతి. ఆ మాటలో ఎన్నాళ్ళకో నిద్ర ధ్వనించింది.

నాగబాబు పెరటి తలుపు తోశాడు. లోపల గడియ పెట్టి ఉంది. గుద్దాడు. చెక్క మీద పిడికిలి పడింది గానీ చప్పుడు రాలేదు. గోడ వెంబడి పరుగెత్తి కిటికీ ఊచలు పట్టుకున్నాడు. మంచం మీద శాంతి ఒక్కతే ఉంది. పక్కన పరుపు మనిషి కూచున్నంత మేర కుంగి ఉంది. ఆమె చెయ్యి గాల్లోకి చాచి ఉంది. ఆ చేతి వేళ్ళు, ఎవరో ముడిచి పట్టుకున్నట్టు, మెత్తగా నొక్కుకుపోతున్నాయి.

ఆమె కళ్ళు తెరిచింది. సరిగ్గా నాగబాబు మొహంలోకి చూసింది. గుర్తుపట్టలేదు, భయంతో ముడుచుకుంది.

"ఏవండీ... కిటికీలో ఎవరో ఉన్నారండీ."

"ఎవరూ లేరు. పడుకో," అంది నాగబాబు గొంతు.

ఆమె బుద్ధిగా కళ్ళు మూసుకుంది. పరుపు మీద కుంగిన చోటు మెల్లగా పైకి లేచింది. నాగబాబు పట్టుకున్న ఊచల మీదికి, లోపలి నుంచి, కిటికీ తలుపులు ఒకదాని తర్వాత ఒకటి వచ్చి మూసుకున్నాయి.